ఐదు పౌన్ల జరిమానాతో మొదలైన కొలువు

1919 మే నెల. లండన్‌లోని మాన్షన్ హౌస్ కోర్టులో నలభై రెండేళ్ల ఎగ్లాంటైన్ జెబ్ నిందితురాలిగా నిలబడింది. ఆమె చేసిన నేరం ట్రఫాల్గర్ స్క్వేర్‌లో కరపత్రాలు పంచడం. వాటి మీద తిండిలేక శుష్కించిన ఆస్ట్రియా పసిబిడ్డ ఫోటో ఉంది. యుద్ధం ఆగి నెలలు గడిచినా జర్మనీ, ఆస్ట్రియాలకు తిండిగింజలు చేరకుండా బ్రిటన్, దాని మిత్రదేశాలు ఇంకా అడ్డుకుంటూనే ఉన్నాయి. ఆ సంగతి రాసిన కాగితాన్ని సెన్సారుకు చూపించకుండా జనానికి పంచడం యుద్ధకాలపు చట్టం ప్రకారం తప్పు.

ఆమె వకీలును పెట్టుకోకుండా తన కేసు తానే వాదించుకుంది. చట్టం తనవైపు లేదని తెలుసు కనుక న్యాయం సంగతే ఎక్కువగా మాట్లాడింది. కోర్టు ఐదు పౌన్ల జరిమానా వేసింది. విచారణ ముగిశాక, అంతసేపూ ఆమెకు వ్యతిరేకంగా వాదించిన ప్రభుత్వ న్యాయవాది సర్ ఆర్చిబాల్డ్ బాడ్కిన్ దగ్గరికొచ్చి ఐదు పౌన్లు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె పెట్టబోతున్న నిధికి అదే తొలి చందా అయింది. అదే నెల 19న రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో జరిగిన సభలో సేవ్ ద చిల్డ్రన్ ఫండ్ పుట్టింది.

ఈ రోజు అంతర్జాతీయ బాలల హక్కుల రంగంలో ఉద్యోగం వెతికేవాళ్లకు డిగ్రీలు, భాషలు, ఇంటర్న్‌షిప్పులు అంటూ చాంతాడంత జాబితా ఎదురవుతుంది. ఆ కొలువుకు ఓనమాలు దిద్దిన మనిషి దగ్గర వీటిలో ఉన్నవి కొన్నే. జెబ్ ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదివింది. తర్వాత పంతులమ్మగా శిక్షణ పొంది, మార్ల్‌బరో పట్టణంలో ఓ చిన్న బడిలో చేరి, ఆ పని తనవల్ల కాదని ఏడాదికల్లా బయటికొచ్చేసింది. పిల్లల మధ్య కూర్చుని గడపడం ఆమెకు పెద్దగా ఇష్టమూ కాదు. కేంబ్రిడ్జ్‌లో ఒక దాతృత్వ సంఘంలో చేరి ఆ ఊరి పేదరికం మీద 1906లో పుస్తకం రాసింది. 1913లో బాల్కన్ యుద్ధాల బాధితులకు సాయం చేయడానికి మాసిడోనియా వెళ్లింది. చెల్లెలు డొరోతీ బక్స్‌టన్ యుద్ధకాలంలో శత్రుదేశాల పత్రికల్లోని వార్తలను ఇంగ్లీషులోకి తర్జుమా చేయించి అచ్చు వేయించేది. ఆ తర్జుమాల్లోంచే మధ్య ఐరోపా ఆకలి గురించి అక్కాచెల్లెళ్లకు తెలిసింది.

ఆ తొలి తరంలో అందరూ ఇలా పక్కదారుల్లో వచ్చినవాళ్లే. అసలు దారంటూ ఒకటి ఉంటే కదా.

జెబ్ ప్రత్యేకత ఆమె జాలిగుండె ఒక్కటే కాదు. జాలి ఉన్నవాళ్లు అప్పటికే లండన్ నిండా ఉన్నారు. దానధర్మాన్ని కూడా వ్యాపారమంత పకడ్బందీగా నడపాలని ఆమె పట్టుపట్టింది. పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు వేయించింది. చందా డబ్బు ప్రకటనలకు తగలేస్తారా అని కొందరు ముక్కున వేలేసుకున్నా, ఆ ప్రకటనల వల్లే డబ్బు వచ్చింది. పోప్ 15వ బెనెడిక్ట్‌ను ఒప్పించి 1919 డిసెంబరులో క్యాథలిక్ చర్చిల ద్వారా విరాళాలు పోగు చేయించింది. 1920 జనవరిలో జెనీవాలో అంతర్జాతీయ సంఘం పెట్టింది. 1921లో వోల్గా నదీతీరాన కరువు పడినప్పుడు ఓడలో తిండి పంపి, సరాతోవ్ ప్రాంతంలో వంటశాలలు తెరిపించింది. అక్కడ దాదాపు 3 లక్షల మంది పిల్లలకు అన్నం దొరికింది. కరువును సినిమాగా తీయించి బ్రిటన్‌లో ఆడించింది. మన పేదలను వదిలి బోల్షివిక్కుల పిల్లలకు పెట్టడమేమిటని లండన్ పత్రికల్లో దుమారం రేగింది. ఇలా డబ్బు పోగు చేయడం, సరుకు రవాణా, ప్రచారం, లెక్కలు ఈ రంగంలో నాలుగు వేర్వేరు ఉద్యోగాలయ్యాయి. వాటి పేర్లు మారాయి గానీ పని ఇప్పటికీ అదే.

ఎంత వండిపెట్టినా ఆకలి మళ్లీ వస్తుందని ఆమెకు సరాతోవ్ నాటికే అర్థమైంది. 1923లో జెనీవాలో ఐదే అంశాలతో ఒక ప్రకటన రాసింది. బిడ్డ ఎదగడానికి కావాల్సినవి అందాలి. ఆకలిగొన్న బిడ్డకు తిండి, జబ్బుపడ్డ బిడ్డకు వైద్యం, అనాథకు నీడ దొరకాలి. ఆపద వస్తే ముందు సాయం పిల్లలకే. బతుకుతెరువు నేర్పాలి, దోపిడీ నుంచి కాపాడాలి. తన శక్తి తోటివారికి ఉపయోగపడాలన్న ఎరుకతో పెంచాలి. 1924 సెప్టెంబరు 26న నానాజాతి సమితి దాన్ని ఆమోదించింది. దయగా పెట్టేది కాస్తా బాకీగా మారడానికి అది మొదటి మెట్టు. నాలుగేళ్ల తర్వాత, 1928 డిసెంబరులో, 52 ఏళ్ల జెబ్ జెనీవాలోనే కన్నుమూసింది.

అదే కాలంలో వార్సాలో ఒక పిల్లల వైద్యుడు ఇంకో దిక్కు నుంచి వస్తున్నాడు. హెన్రిక్ గోల్డ్‌ష్మిట్ అనే ఆయన యానుష్ కోర్చాక్ పేరుతో కథలు రాసేవాడు. 1912 నుంచి క్రోఖ్మాల్నా వీధిలో యూదు అనాథల ఇల్లు నడిపాడు. ఆ ఇంట్లో పిల్లలే న్యాయమూర్తులుగా ఒక కోర్టు నడిచేది. అక్కడ పెద్దవాళ్ల మీదా ఫిర్యాదు చేయొచ్చు, కోర్చాక్ మీద కూడా. 1926లో పిల్లలు రాసే వార్తాపత్రిక కూడా మొదలుపెట్టించాడు. జెబ్ ప్రకటనలో పిల్లలు అందుకునేవాళ్లు. కోర్చాక్ ఇంట్లో వాళ్లు మాట్లాడేవాళ్లు. నాజీలు వార్సా యూదులను గోడల మధ్య బంధించాక, 1942 జులై 18న ఆ అనాథలు టాగోర్ 'డాక్‌ఘర్' నాటకం ఆడారు. అది చావుకు దగ్గరైన పిల్లవాడి కథ. మూడు వారాలు తిరక్కుండానే సుమారు రెండువందల మంది పిల్లలను ట్రెబ్లింకా మరణ శిబిరానికి తరలించారు. తప్పించుకునే వీలు చూపించినా కాదని కోర్చాక్, ఆయన సహచరి స్తెఫానియా విల్చిన్‌స్కా పిల్లల వెంటే రైలెక్కారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కొలువు రూపం మారింది. నానాజాతి సమితి ఆరోగ్య విభాగాన్ని నడిపిన పోలండ్ సూక్ష్మజీవి శాస్త్రవేత్త లుడ్విక్ రైఖ్‌మన్ ప్రతిపాదనతో, 1946 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి యూనిసెఫ్‌ను స్థాపించింది. తొలి అధిపతి మారిస్ పేట్ అమెరికా వ్యాపారవేత్త. మొదటి ప్రపంచ యుద్ధ కాలం నుంచి బెల్జియం, పోలండ్‌లలో ఆహార సాయం పనిచేసిన మనిషి. ఓడిన దేశాల పిల్లలకూ సాయం అందాలన్న షరతు మీదే ఆ పదవికి ఒప్పుకున్నాడు. కోర్టులో జెబ్ అడిగిందీ అదే. ఆ రోజుల్లో యూనిసెఫ్ అంటే పాలపొడి. దాని తొలి చిహ్నంలో ఒక బిడ్డ గ్లాసెత్తి పాలు తాగుతుంటుంది. ఆ సంస్థలోకి వచ్చినవాళ్లలో వైద్యులు, నర్సులు, పాడి ఇంజినీర్లు, గోదాముల లెక్కలు తెలిసినవాళ్లు ఉండేవారు.

యూనిసెఫ్ మన దేశానికి 1949లో ముగ్గురు ఉద్యోగులతో వచ్చింది. ఆనంద్‌లోని ఖేడా పాల సహకార సంఘానికి అది యంత్రాలిచ్చింది. ఆ డెయిరీని 1955లో నెహ్రూ ప్రారంభించాడు. తెలుగు నేలలో ఈ కథ మదనపల్లె పక్కన ఆరోగ్యవరం కొండల్లో కనిపిస్తుంది. క్షయ రోగుల కోసం మిషనరీలు కట్టిన ఆ శానటోరియంలో డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ పనిచేసేవాడు. 1948లో దేశంలో బీసీజీ టీకాలు మొట్టమొదట వేసిన చోట్లలో అదొకటి. తర్వాత యూనిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ, స్కాండినేవియా దేశాల రెడ్‌క్రాస్ సంఘాలు కలిసి నడిపిన టీకా ఉద్యమం దేశమంతా పాకింది. 1955లో రాజాజీ బీసీజీని గట్టిగా వ్యతిరేకించాడు. అంత పెద్దమనిషి వద్దన్నాక టీకా బృందాలకు సూదితోపాటు మాట నేర్పూ అవసరమైంది.

వృత్తిలో చేరడానికి నిచ్చెన అనదగ్గది 1961లో వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక మండలి తీర్మానంతో జూనియర్ ప్రొఫెషనల్ ఆఫీసర్ల పథకం మొదలైంది. యువ అధికారిని ఐరాస సంస్థ పనిలో పెట్టుకుంటుంది, జీతం మాత్రం ఆ యువకుడి దేశం ఇస్తుంది. పైకి చక్కని ఏర్పాటు. కానీ జీతమిచ్చేవి ఎక్కువగా ఐరోపా దేశాలు, జపాన్ వంటి సంపన్న దేశాలు. అవి సహజంగానే తమ పౌరులకే ఇచ్చాయి. పేద దేశాల యువతకు కూడా డబ్బు పెట్టిన నెదర్లాండ్స్ వంటివి తక్కువ. దాంతో సాయం అందుకునే పిల్లలు ఒక దేశంలో, ఆ సాయం మీద సంతకం పెట్టే యువ అధికారులు వేరే దేశంలో పుట్టడం అలవాటైపోయింది. మిగతావాళ్లకు రెండు పక్క తలుపులుండేవి. ఒకటి, సొంత దేశంలోని కార్యాలయంలో జాతీయ అధికారిగా చేరడం. రెండోది, 1970లో ఏర్పడిన ఐరాస వాలంటీర్ల పథకం. ఇప్పటికీ మన దేశం నుంచి ఈ రంగంలోకి వెళ్లేవాళ్లలో చాలామంది ఈ తలుపుల్లోంచి వెళ్లినవాళ్లే.

1978లో పోలండ్ ఒక ముసాయిదా పట్టుకొచ్చింది. మరుసటి ఏడాది అంతర్జాతీయ బాలల సంవత్సరం. 1924లో నానాజాతి సమితి, 1959లో ఐరాస ఆమోదించిన బాలల హక్కుల ప్రకటనలు మంచిమాటలే గానీ ఏ ప్రభుత్వాన్నీ కట్టడి చేసేవి కావు. ఈసారి కట్టుబడి తీరాల్సిన ఒప్పందం కావాలంది కోర్చాక్ దేశం. పోలండ్ ప్రతినిధి ఆడమ్ వొపాత్కా అధ్యక్షతన కార్యబృందం కూర్చుంది. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజులు. ఒక్కో వాక్యం మీద రెండు శిబిరాలూ గుంజులాడుకున్నాయి. పని పదేళ్లు సాగింది. ఆ గదిలో దౌత్యవేత్తల వెనక వరసలో స్వచ్ఛంద సంస్థల ప్రతినిధులు కూర్చునేవారు. 1979లో జెనీవాలో పుట్టిన డిఫెన్స్ ఫర్ చిల్డ్రన్ ఇంటర్నేషనల్ వారిని ఒక గుంపుగా కూర్చింది. ముసాయిదాలోని మాటలు వారి చేతుల మీదుగానూ మారాయి. 1989 నవంబరు 20న 54 అధికరణాల బాలల హక్కుల ఒడంబడికను ఐరాస ఆమోదించింది. మరుసటి సెప్టెంబరులో అది అమల్లోకి వచ్చింది. భారత్ 1992 డిసెంబరులో అందులో చేరింది. నేడు 196 పక్షాలు అందులో ఉన్నాయి. అమెరికా మాత్రం ఇంకా ధ్రువీకరించలేదు.

ఈ రంగంలో చేరాలనుకునే యువతకు ఆ ఒడంబడికలోని 44వ అధికరణం పెద్ద మలుపు. దాని ప్రకారం ప్రతి దేశం చేరిన రెండేళ్లలో ఒకసారి, ఆపై ఐదేళ్లకోసారి జెనీవాలోని కమిటీకి నివేదిక ఇవ్వాలి. ప్రభుత్వాలు తమ గొప్పలే రాసుకుంటాయని స్వచ్ఛంద సంస్థలు ప్రత్యామ్నాయ నివేదికలు సమర్పించడం మొదలుపెట్టాయి. వాటికి చట్టం చదివినవాళ్లు, అంకెలు చదవగలిగినవాళ్లు, నలభై పేజీల విషయాన్ని నాలుగు పేజీల్లో చెప్పగలిగినవాళ్లు కావాలి. అంతకుముందు దాకా 'పిల్లలకు సాయం' అన్న పని 'బాలల హక్కులు' అన్న వృత్తిగా మారింది ఇక్కడే. విశ్వవిద్యాలయాలు కోర్సులు తెరిచాయి. నెదర్లాండ్స్‌లోని లైడెన్, స్విట్జర్లాండ్‌లో జెనీవా విశ్వవిద్యాలయపు సియోన్ కేంద్రం బాలల హక్కుల చదువులకు పేరుపొందాయి.

పాత పద్ధతి మనుషులు పూర్తిగా పోలేదు. 1980 నుంచి 1995 దాకా యూనిసెఫ్‌ను నడిపిన జేమ్స్ గ్రాంట్ చదువు రీత్యా న్యాయవాది. అయినా జేబులో ఎప్పుడూ ఓఆర్‌ఎస్ పొట్లం ఉండేది. దేశాధ్యక్షుల ముందు దాన్ని తీసి చూపించి, విరేచనాలతో బిడ్డలు చనిపోకుండా ఆపడానికి ఇది చాలు, మీ దేశంలో ఎందుకు లేదు అని అడిగేవాడు. 1985లో ఎల్ సాల్వడోర్ అంతర్యుద్ధంలో టీకాల కోసం ఇరుపక్షాల చేత కొన్నాళ్లు తుపాకులు దింపించాడు.

ఇదంతా న్యూయార్క్, జెనీవాల కథ. 1990ల్లో హైదరాబాద్ పక్క పల్లెల్లో మరో దారి పడింది.

తెలంగాణ ఊళ్లలో 'జీతం' అంటే నెలాఖరున చేతికొచ్చే సొమ్మొక్కటే కాదు. పిల్లవాణ్ని దొర ఇంట్లోనో ఆసామి దగ్గరో 'జీతం పెట్టడం' అంటే అప్పు కింద ఏడాది తరబడి పశువుల వెంట, పొలం గట్ల మీద పని చేయించడం. ఆ జీతగాళ్ల కోసం పని మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యురాలు నెల్లూరులో పుట్టిన శాంతా సిన్హా. ఆమె హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చెప్పేది. తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య పేరుతో 1981లో ఏర్పడిన ఎంవీ ఫౌండేషన్ మొదట పరిశోధన సంస్థే. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా ఊళ్లలో పనిలోకి దిగింది. బడి బయట ఉన్న ప్రతి బిడ్డనూ బాల కార్మికుడిగానే లెక్కించాలన్నది ఆమె వాదన. ప్రమాదకరమైన పని, ప్రమాదం లేని పని అన్న తేడా చేస్తూ వచ్చిన అంతర్జాతీయ సంస్థలకు ఈ మాట మొదట్లో మింగుడుపడలేదు.

ఇక్కడ ఉద్యోగంలో చేరినవాళ్లు విదేశీ డిగ్రీల వాళ్లు కారు. చాలామంది అదే ఊరి యువతీయువకులు, ఇంట్లో అక్షరం ముక్క నేర్చిన మొదటి తరం వాళ్లు. పని మానిన పిల్లలను నేరుగా తరగతిలో కూర్చోబెడితే నిలవరని బ్రిడ్జి కోర్సు క్యాంపులు నడిపారు. వయసుకు తగ్గ తరగతికి అందుకునేదాకా పిల్లలు అక్కడే ఉండి చదువుకునేవాళ్లు. ప్రభుత్వ ఉపాధ్యాయులు బాల కార్మిక విమోచన వేదిక పేరుతో ఒక్కటయ్యారు. యజమానిని ఒప్పించడం, తల్లిని నమ్మించడం, హెడ్మాస్టరు చేత పేరు రాయించడం అనే మూడు పనులు వచ్చినవాడే అక్కడ అర్హుడు.

ఇంకొకవైపు సీడు పత్తి చేలున్నాయి. సంకర విత్తనం కోసం పత్తి పువ్వును చేత్తో విప్పి, పుప్పొడి అద్దే 'క్రాసింగ్' పనిలో ఎక్కువగా ఆడపిల్లలుండేవాళ్లు. హైదరాబాద్ పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు ఆ చేలలో తిరిగి లెక్కలు తీశాడు. 2001, 2003 నాటి ఆయన నివేదికలు బహుళజాతి విత్తన కంపెనీల పేర్లతో సహా ఐరోపాకు చేరాయి. అక్కడి సంస్థలు ఆ కంపెనీలను నిలదీశాయి. కర్నూలు, మహబూబ్‌నగర్ పల్లెల్లో అడిగిన ప్రశ్నలకు కంపెనీల ప్రధాన కార్యాలయాలు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

1990ల్లో, ఆ తర్వాత కొత్త పని ఎక్కువగా వర్ధమాన దేశాల నుంచే పుట్టింది. 1996లో ముంబైలో జెరూ బిలిమోరియా మొదలుపెట్టిన 1098 చైల్డ్‌లైన్ అనుభవం నుంచి 2003లో చైల్డ్ హెల్ప్‌లైన్ ఇంటర్నేషనల్ వచ్చింది. కైలాశ్ సత్యార్థి నాయకత్వాన 1998 జనవరిలో మనీలాలో మొదలైన బాల కార్మిక వ్యతిరేక యాత్ర జూన్‌లో జెనీవా చేరింది. మరుసటి ఏడాది అంతర్జాతీయ కార్మిక సంస్థ, బాల కార్మిక వ్యవస్థలోని అతి దారుణ రూపాలను నిషేధించే 182వ ఒప్పందాన్ని ఆమోదించింది. 2020లో ఆ సంస్థ సభ్యదేశాలన్నీ దాన్ని ధ్రువీకరించాయి. ఆ సంస్థ చరిత్రలో అలా జరిగిన మొదటి ఒప్పందం అదే. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసె అవార్డు దక్కింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షురాలు ఆమే.

పెద్ద సంస్థల తలుపు మాత్రం చాన్నాళ్లు డబ్బున్నవాళ్లకే సులువుగా తెరుచుకుంది. ఐక్యరాజ్యసమితిలో ఇంటర్న్‌షిప్పుకు జీతం ఉండేది కాదు. 2015లో ఒక యువ ఇంటర్న్ జెనీవాలో గది అద్దె కట్టలేక సరస్సు ఒడ్డున గుడారం వేసుకున్నాడన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. తరువాతి సంవత్సరాల్లో యూనిసెఫ్ తన ఇంటర్న్‌లకు భృతి ఇవ్వడం మొదలుపెట్టింది. సహాయ రంగంలో లైంగిక దుష్ప్రవర్తన ఉదంతాలు 2018లో బయటపడ్డాక నియామకాల్లో ఇంకో మెట్టు చేరింది. అభ్యర్థి గతంలో అలాంటి పనేమైనా చేశాడా అని పాత యజమానిని అడిగి తెలుసుకునే ఉమ్మడి పథకం 2019లో అమల్లోకి వచ్చింది. జెబ్ కాలంలో ఈ రంగానికి వచ్చేవారి మంచితనాన్ని ఎవరూ శంకించలేదు. ఇప్పుడు అది కూడా కాగితం మీద రుజువు కావాలి.

2003లో ఐరోపాలో ఎంవీ ఫౌండేషన్ పద్ధతిని ఆధారం చేసుకుని, పిల్లలు పనిచేయాల్సిన చోటు బడేనంటూ ఒక ప్రచారం మొదలైంది. దాని ద్వారా ఆఫ్రికా దేశాల స్వచ్ఛంద సంస్థల, ఉపాధ్యాయ సంఘాల ప్రతినిధులు తెలంగాణ ఊళ్లకు వచ్చారు. బాల కార్మికులు లేని ప్రాంతాలన్న ఆలోచన ఇక్కడి నుంచి ఉగాండా, జింబాబ్వే, మాలి వంటి దేశాలకు వెళ్లింది. అక్కడ కూడా పని మొదలయ్యేది ఇక్కడ మొదలైనట్టే. ఊరి యువకుడొకడు ఇంటింటికీ వెళ్లి 5 నుంచి 14 ఏళ్ల పిల్లలందరి పేర్లు ఒక రిజిస్టరులో రాసుకుంటాడు. పేరు పక్కన బిడ్డ ఆ రోజు బడిలో ఉందో, చేనులో ఉందో, పశువుల వెంట ఉందో రాస్తాడు. నెల తిరిగాక అదే రిజిస్టరు చంకన పెట్టుకుని అవే గడపలు మళ్లీ ఎక్కుతాడు.